టేపు గుర్తుల మధ్య కుర్చీ

రోజంతా మందుల షాపు కౌంటరు వెనక నిలబడే మనిషి, సాయంత్రం ఇంకోచోటికి వెళ్ళి మళ్ళీ నిలబడడానికి పేరిచ్చిందంటే, ఆ మనిషికి బుద్ధి లేదనైనా అనుకోవాలి, ఇంటికి వెళ్ళాలని లేదనైనా అనుకోవాలి. ఈ కథలో ఆవిడకి బుద్ధి బాగానే ఉంది.

చెప్పుల కొట్టు పైన, మెట్లెక్కి వెళ్తే ఒక పొడుగాటి హాలు. ఒకప్పుడు అక్కడ నూలు బేళ్ళు పెట్టేవాళ్ళట. ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు పెద్దవాళ్ళకి బొమ్మల క్లాసు జరుగుతుంది. పెద్దవాళ్ళంటే నిజంగానే పెద్దవాళ్ళు. ఉద్యోగాల్లో అరిగిపోయినవాళ్ళు, రిటైరైనవాళ్ళు, పిల్లలు పెరిగిపోయాక చేతులేం చేసుకోవాలో తెలీనివాళ్ళు. గోడవారగా ఈజిళ్ళు, కాగితాలు బిగించుకునే చెక్క స్టాండ్లు, వరసగా ఉంటాయి. మధ్యలో మోకాలెత్తున ఒక చెక్క వేదిక. దాని మీద కుర్చీ వేసి ఒక మనిషిని కూర్చోబెడతారు. చుట్టూ నిలబడి అందరూ ఆ మనిషిని బొగ్గు కడ్డీలతో గీస్తారు.

క్లాసులో ఆవిడని మందులక్క అనేవాళ్ళు. బొమ్మ గీస్తూ గీస్తూ ఒకరు మోకాలు చూపించి ఏం రాయాలంటారు, ఇంకొకరు కడుపుబ్బరానికి ఏది మంచిదంటారు. ఆవిడ విసుక్కోకుండా చెప్పేది. విసుక్కోవడానికి కూడా ఓపిక కావాలి కదా. ఆవిడ దగ్గర అది ఎప్పుడో అయిపోయింది.

ఇంట్లో అమ్మ మంచం మీద ఉంది. పక్షవాతం వచ్చి ఎడమ వైపంతా పోయింది. మాట కూడా నాలుగైదు ముక్కల దగ్గర ఆగిపోయింది. మిగిలిందల్లా కుడి చెయ్యి. ఆ చెయ్యి మాత్రం ఊరుకోదు. దుప్పటి అంచు పీకుతుంది, మంచం ఇనుప కడ్డీ మీద టకటకా కొడుతుంది. దాహమేసినా అదే చప్పుడు, పక్క తిప్పాలన్నా అదే, ఏమీ వద్దు ఊరికే కూతురు కనబడాలన్నా అదే. రాత్రుళ్ళు ఆ చప్పుడుకి లేచి లేచి ఆవిడ కళ్ళ కింద నల్లగా అయిపోయింది. ఆ చెయ్యి ఒక్క రాత్రి ఊరుకుంటే బాగుండునని అనుకునేది. అనుకున్న ప్రతిసారీ నాలిక కరుచుకునేది. అమ్మంటే ప్రాణమే. ప్రాణమైనంత మాత్రాన నిద్ర రాకుండా పోతుందా?

చెల్లెలే ఫోన్లో పోరి పోరి క్లాసులో చేర్పించింది. "అక్కా, నీకంటూ ఒక్క పనైనా ఉండొద్దా? చిన్నప్పుడు గోడలన్నీ బొమ్మలేసి తిట్లు తినేదానివి. వెళ్ళవే. ఆ రెండు పూటలూ కింది వాటా పిన్నిగారు చూసుకుంటానన్నారుగా."

వెళ్ళింది. బొమ్మలు గొప్పగా ఏం రాలేదు. కానీ ఆ హాల్లో కడ్డీ కొట్టి ఎవరూ ఆవిడని పిలవరు. అది చాలు.

అక్కడి పద్ధతుల్లో ఒకటి ఆవిడకి మొదట్లో నవ్వు తెప్పించింది. కూర్చునే మనిషి మధ్యలో కాళ్ళు చాపుకోడానికి లేస్తాడు కదా, మళ్ళీ వచ్చి కూర్చున్నప్పుడు వేలెడు అటూ ఇటూ అయినా గీసేవాళ్ళ బొమ్మ చెడిపోతుంది. అందుకని లేచే ముందే కాగితం టేపు ముక్కలు చింపి కుర్చీ నాలుగు కాళ్ళ చుట్టూ, మనిషి పాదాల చుట్టూ, చేతులు ఆనిన చోట గుర్తులు అంటిస్తారు. మళ్ళీ ఆ గుర్తుల్లో పాదాలు పెడితే చాలు, మొదట కూర్చున్నట్టే కుదురుతుంది. ఒక్కో బొమ్మకి వారాల తరబడి ఆ టేపు అలాగే ఉంచుతారు. పూర్తయ్యాక, ఆ రోజు ఎవరి వంతైతే వాళ్ళు టేపంతా పీకేసి, ఊడ్చి, తాళం వేసి వెళ్ళాలి.

వాళ్ళకి ఎప్పుడూ కూర్చునే ఆయన ఒక ముసలాయన. రిటైరైన వాచ్‌మన్. అందరూ కూర్చునే తాత అంటారు. రాయిలా కదలకుండా కూర్చుంటాడు. "ఏళ్ళ తరబడి గేటు దగ్గర కూర్చుంటే కుక్క కూడా చూళ్ళేదమ్మా," అనేవాడు విరామంలో టీ తాగుతూ. "ఇప్పుడు ఊరికే కూర్చుంటే ఇంతమంది చూస్తున్నారు. ఈ భాగ్యం ముందే పడితే బాగుండేది."

హాలు చివర మూలలో ఇంకో వేదిక ఉంది, చిన్నది. దాని మీద చేతులున్న పాత కుర్చీ, మెత్తటి వీపుతో. దాని చుట్టూ కూడా టేపు గుర్తులున్నాయి. తెల్లటి టేపు పసుప్పచ్చగా మారి, అంచులు లేచిపోయి, ఎండిన ఆకులా అయిపోయింది. మొదటిసారి తన వంతు వచ్చినప్పుడు మందులక్క ఆ టేపు కూడా పీకబోయింది.

"అది తియ్యకు," అన్నాడు మాస్టారు వెనకనించి. మాస్టారు మాటలు ఖర్చుపెట్టే మనిషి కాదు. దగ్గు ఒక్కటే ధారాళం.

"పాతదైపోయింది కదండీ."

"పూర్తి కాలేదు."

ఆయన గోడకి ఆనించిన చెక్క అరలోంచి ఒక బొమ్మ లాగి చూపించాడు. ఆ కుర్చీలో కూర్చున్న ఒకావిడ. పాదాలు, చేతులు, బట్టల మడతలు, అన్నీ ప్రాణం ఉన్నట్టు కుదిరాయి. మొహం ఉండాల్సిన చోట మాత్రం ఉత్త కాగితం. అరలో మిగతా బొమ్మలూ అంతేనట. ఒకే మనిషి, ఒక్కొక్కరు ఒక్కో పక్కనించి గీశారు. ఒక్కదానికీ మొహం లేదు.

"నీకంటే ముందు బ్యాచి. అందరూ ముసలివాళ్ళే," అన్నాడు మాస్టారు. "మొహం చివర్న గీద్దామన్నాను. నాదే పొరపాటు. ఆవిడ విరామంలో లేచి, ఇంట్లో పనుంది వస్తానని వెళ్ళి, మళ్ళీ రాలేదు. వీళ్ళు ఇంకెవరినీ కూర్చోబెట్టనివ్వలేదు. ఎదురుచూస్తూనే ఉన్నారు. తర్వాత ఒకరి వెనక ఒకరు..." ఆయన దగ్గు అందుకుంది. "ఎవరూ మిగల్లేదు."

కూర్చునే తాత టీ గ్లాసు కింద పెట్టి, ఆవిడకి మాత్రమే వినబడేలా అన్నాడు. "ఒకరి గుర్తుల్లో ఇంకొకరు కూర్చోకూడదమ్మా. మా పనిలో అదొక్కటే రూలు. నేను ఆ కుర్చీ వైపు కూడా వెళ్ళను."

ఆవిడ తలూపింది. షాపులో ఇంతకంటే వింత మాటలు రోజూ వింటుంది.

కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం ఒకటే వాన. క్లాసుకి వచ్చినవాళ్ళే తక్కువ. తాతకి జ్వరమని కబురొచ్చింది. గాజు సీసాలు పెట్టి గీయమన్నాడు మాస్టారు. గీస్తున్నంతసేపూ ఆయన దగ్గుతూనే ఉన్నాడు. చివరికి, "ఇవాళ్టికి చాలు," అని గొడుగు తీసుకున్నాడు. ఊడ్చే వంతు మందులక్కది. ఆవిడ చేతిలో తాళం చెవి పెట్టి మెట్లు దిగిపోయాడు.

రబ్బరు బాబాయి కాసేపు ఉండి సాయం చేశాడు. గీసిందంతా చెరిపేస్తాడని ఆయనకా పేరు. స్టూళ్ళన్నీ ఎత్తి బల్లల మీద బోర్లించి పెట్టాడు, ఊడవడానికి వీలుగా ఉంటుందని. "నేనూ ఉందును గానీ మందులక్కా, ఆలస్యమైతే మా ఇంట్లో నన్ను చెరిపేస్తారు," అని నవ్వి వెళ్ళాడు.

ఆవిడ ఊడ్చింది. తడిగుడ్డ పెట్టి బొగ్గు పొడి తుడిచింది. హాలంతా తడి. కిటికీల మీద వాన కొడుతోంది. చెయ్యాల్సిన పని అయిపోయింది. క్లాసు తొందరగా ముగిసిందని పిన్నిగారికి తెలీదు, అమ్మకి తెలీదు, షాపు ఓనరుకి తెలీదు. ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని కాసింత సమయం ఆవిడ చేతికి దొరికింది. అలాంటిది దొరికి ఎన్నాళ్ళైందో.

కాళ్ళు పీకేస్తున్నాయి. మడమల్లోంచి నడుం దాకా ఒకటే సలుపు. కూర్చుందామంటే స్టూళ్ళన్నీ బల్లలెక్కి కూర్చున్నాయి. నేల తడి. కింద మిగిలిన కుర్చీ ఒక్కటే, మూల వేదిక మీద.

"ఒక్క నిమిషం," అనుకుంది. నవ్వుకుంది కూడా. చచ్చినవాళ్ళకంటే తన కాళ్ళంటేనే తనకి ఎక్కువ భయం.

కూర్చుంది. మెత్తగా లోపలికి తీసుకుంది కుర్చీ. ఎడమ పాదం కాస్త ముందుకి, కుడి పాదం కొంచెం పక్కకి తిరిగి ఉన్నాయి గుర్తులు. చెప్పులు విడిచి చూస్తూ చూస్తూనే పాదాలు వాటిల్లో పెట్టేసింది. కొలత తీసినట్టు సరిపోయాయి. కుర్చీ చేతి మీద ఒక టేపు ముక్క. ఆవిడ చెయ్యి దానంతటదే అక్కడ ఆనింది. అలా కూర్చుంటే ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. ఎవరో తనకోసమే కుదిర్చి పెట్టినట్టుంది.

కళ్ళు మూతలు పడ్డాయి.

మెలకువ వచ్చేసరికి చీకటి.

లైట్లు తను ఆర్పలేదు. కిటికీలోంచి వీధి దీపం వెలుతురు వాన నీళ్ళ మీదుగా వచ్చి నేల మీద వణుకుతోంది. హాల్లో బామ్ వాసన. మోకాళ్ళకీ నడుముకీ రాసుకునే ఘాటు బామ్. షాపులో ఆ సీసాలు ఎన్ని అమ్మి ఉంటుందో, ఆ వాసన ఆవిడ నిద్రలో కూడా గుర్తుపడుతుంది. కొన్నవాళ్ళెవరూ ఇక్కడ లేరు కదా?

తర్వాత చప్పుడు వినబడింది.

సర్... సర్... సర్...

కాగితం మీద బొగ్గు కడ్డీ కదిలే చప్పుడు. ఒకటి కాదు. చాలా.

గోడవారగా ఉండాల్సిన ఈజిళ్ళు ఆవిడ చుట్టూ అర్ధచంద్రంగా నిలబడి ఉన్నాయి. వాటి వెనక చీకటి. చీకట్లో మనుషులున్నారో లేదో తెలీదు. ఈజిళ్ళ కింద పాదాలు కనబడలేదు. కానీ సర్ సర్ చప్పుడు ఆగుతుంది. ఎవరో ఆవిడని పరిశీలనగా చూస్తున్నట్టు. మళ్ళీ మొదలవుతుంది.

లేవబోయింది. లేవలేదు. కట్టేసినట్టు కాదు. చెయ్యి తనదే, కాలు తనదే. కదలమని చెప్తే వినే ఓపిక వాటికి లేదు, అంతే.

"గడ్డం కొంచెం కిందికమ్మా." ముసలి గొంతు. చాలా మర్యాదగా.

ఆవిడ గడ్డం దిగింది. తను దించలేదు...

"ఆఁ. అలాగే ఉండు. చాలా బాగా కూర్చున్నావు," అంది ఇంకో గొంతు. ఆడమనిషిది.

"ఎవరు మీరు?" పెదవులు కదలకుండానే మాట వచ్చింది.

"అలిసిపోయావా తల్లీ?"

ఈ మాట ఆవిడని ఎవరూ అడగలేదు. ఓనరు అడగలేదు, చెల్లెలు అడగలేదు, అడగాల్సిన అమ్మకి మాట లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయంతో కాదు. అదే ఆవిడని ఎక్కువ భయపెట్టింది.

"కూర్చో. నిన్నెవరూ ఏమీ అడగరు. మొహం ఒక్కటే మిగిలింది."

సర్... సర్... సర్...

ఎంతసేపలా కూర్చుందో. వాన వినబడుతోంది. ఒంట్లో నొప్పి లేదు. ఎవరికీ నీళ్ళివ్వక్కర్లేదు, ఎవరినీ పక్క తిప్పక్కర్లేదు, ఎవరికీ చిల్లర వెతికివ్వక్కర్లేదు. ఇలాగే ఉండిపోతే ఏం? అనిపించింది. నిజంగానే అనిపించింది. ఆ గడియలో ఆవిడ ఉండిపోయేదే.

సంచిలో ఫోను మోగింది.

పిన్నిగారే అయుంటుంది. ఆవిడకి తన ఇల్లు, తన వంట ఉన్నాయి. వేళ దాటితే ఆగదు. ఫోను మోగి మోగి ఆగింది. ఆగగానే మంచం కడ్డీ మీద టకటకలాడే అమ్మ చెయ్యి మందులక్క కళ్ళముందు మెదిలింది. ఒక్కతే. తలుపు దగ్గరికి వేసి. ఎంత కొట్టినా ఎవరూ రారు.

"నన్ను వదిలెయ్యండి," అంది. "ఇంట్లో పనుంది. వెళ్ళాలి."

బొగ్గు కడ్డీలన్నీ ఒక్కసారి ఆగాయి.

"ఆవిడా అదే అంది," అన్నాడు ముసలాయన. కోపంగా కాదు. అలిసిపోయినట్టు అన్నాడు. "మళ్ళీ వస్తానంది."

"మా అమ్మ ఒక్కతే ఉంది. మంచంలో ఉంది. కదల్లేదు."

ఈజిళ్ళ వెనక ఏవో గుసగుసలు. ఒకరినొకరు అడుగుతున్నట్టు... ఒప్పిస్తున్నట్టు...

"కదలదా?" ఆడ గొంతు అడిగింది. మెల్లగా. ఆశగా.

"కదలదు."

"లేచి వెళ్ళిపోదు కదా?"

"వెళ్ళలేదు."

"అసలు కదలదా తల్లీ?"

కుడి చెయ్యి గుర్తొచ్చింది. దుప్పటి పీకే వేళ్ళు, కడ్డీ మీద టకటక. చెప్పాలా? చెప్తే వదలరేమో. ఇంటికి వెళ్ళాలి. ఇదంతా కలే అయుంటుంది. కలలో ఏం చెప్తే ఏం?

"అసలు కదలదు," అంది.

ట్రింగ్ మంటూ మాస్టారి బల్ల మీది టైమర్ మోగింది. విరామానికి పెట్టే టైమర్. హాలంతా మోగింది.

"సరే. లే తల్లీ," అన్నారు ఎవరో. "కాళ్ళు చాపుకో."

ఒళ్ళు తనదైంది. వేదిక మీంచి ఎలా దిగిందో, గోడ ఎలా తడిమిందో, స్విచ్చి వేసింది. వెలుతురు.

హాలు మామూలుగా ఉంది. ఈజిళ్ళు గోడవారగా వరసగా ఉన్నాయి. స్టూళ్ళు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. నేల ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆ తడి మీద తన అడుగులు తప్ప ఇంకెవరివీ లేవు. ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. కునుకు పట్టింది, పీడకల వచ్చింది. నిద్ర లేని మనిషికి ఇంకేం వస్తాయి?

చెప్పులు తీసుకోడానికి వేదిక వైపు వంగినప్పుడు చూసింది. కుర్చీ చుట్టూ టేపు లేదు. ఒక్క ముక్క లేదు. ఇన్నేళ్ళూ దుమ్ము పట్టకుండా టేపు కాపాడిన చోట్ల చెక్క మాత్రం కొత్తగా మెరుస్తోంది. రెండు పాదాల ఆకారం.

గోడవారన చెక్క అర వైపు చూసింది. చూడకుండా ఉండాల్సింది. అర ఖాళీ. మొహం లేని బొమ్మ ఒక్కటీ లేదు.

తాళం వేసిందో లేదో కూడా గుర్తులేదు. గొడుగు అక్కడే వదిలేసింది. వానలో, జారే వీధిలో, సలిపే కాళ్ళతో పరుగు లాంటి నడక. పిన్నిగారికి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. తనేం చెప్పిందో ఒక్కో మాటా గుర్తొస్తోంది. అసలు కదలదు. ఆ ఒక్క మాట ఎందుకన్నాను దేవుడా, అనుకుంటూ వెళ్ళింది.

మెట్లెక్కుతుంటే పిన్నిగారు తన గుమ్మంలోనే కనబడింది, చేతిలో గరిటెతో. "వచ్చావా తల్లీ. ఫోను లోపల పెట్టేశాను. చూసి చూసి ఇప్పుడే వచ్చేశాను, పొయ్యి మీద ఎసరు పెట్టి."

"అమ్మ..."

"బాగానే ఉంది. ఒక్కతే ఎక్కడుంది, మీవాళ్ళు వచ్చారుగా."

"మావాళ్ళా?"

"మీ బంధువులు కారూ? పెద్దవాళ్ళు, ఓ పదిమంది దాకా. నేను దిగుతుంటే ఎక్కుతున్నారు. ఎంత మర్యాదో, గోడకి ఒదిగి నిలబడి నాకు దారిచ్చారు. మీ అమ్మని చూడ్డానికి వచ్చామన్నారు." పిన్నిగారు మొహం చిట్లించింది. "ఏం పని చేసొచ్చారో గానీ చేతులు మసి. గోడలకి అంటకుండా ఉంటే బాగుండు."

ఆవిడ మిగతా మెట్లు ఎక్కేసింది. తన తలుపు దగ్గరికి వేసి ఉంది. తోసింది.

ముందుగదిలో ఎవరూ లేరు. కుర్చీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వెనకగదిలో మంచం పక్కన చిన్న దీపం వెలుగుతోంది. బామ్ వాసన గుప్పుమంది. అమ్మకి బామ్ రాయరు. ఆ ఘాటుకి అమ్మకి ఊపిరాడదు.

టకటక చప్పుడు లేదు.

ఎన్ని రాత్రులు కోరుకుందో ఆ నిశ్శబ్దం. ఇప్పుడది చెవుల్లో మోగుతోంది.

"అమ్మా..."

అమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. తల దిండు మీద కొంచెం కుడివైపు తిప్పి ఉంది. దీపం వెలుతురు సరిగ్గా మొహం మీద పడేలా దీపాన్ని ఎవరో జరిపారు. దుప్పటి మడతలు ఒక్కొక్కటే సర్దినట్టున్నాయి. కుడి చెయ్యి ఛాతీ మీద, వేళ్ళు కాస్త విచ్చుకుని ఉంది. ఎప్పుడూ ఊరుకోని చెయ్యి.

మంచం నాలుగు కాళ్ళ చుట్టూ టేపు. పసుప్పచ్చటి, అంచులు లేచిన పాత టేపు. దిండు మీద తల చుట్టూ టేపు. దుప్పటి మీద ఆ చేతి చుట్టూ, ఒక్కో వేలి పక్కన ఒక్కో చిన్న ముక్క.

ఆవిడ వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది. నాడి ఉంది. బతుకుజీవుడా అనుకుని లేపబోయింది. లేవలేదు. ఒక్క వేలు కూడా వంగలేదు. టేపు గిల్లింది, గోళ్ళతో గీకింది. గోరు విరిగింది గానీ టేపు కదల్లేదు.

"అమ్మా, చెయ్యి కదుపమ్మా. ఒక్కసారి. నీళ్ళు కావాలా? కొట్టమ్మా, కడ్డీ మీద కొట్టు. నేనేం విసుక్కోను. రాత్రంతా కొట్టు. నేను లేస్తాను."

అమ్మ కళ్ళు మాత్రం కదిలాయి. కూతుర్ని చూశాయి. ఆ చూపులో భయం లేదు. వారాల తరబడి ఒకేచోట పడున్న మనిషి అలసట ఉంది, అంతే. అది ఆవిడకి బాగా తెలిసిన అలసట. రోజూ అద్దంలో చూస్తూనే ఉంటుంది.

తర్వాత అమ్మ చూపు కూతురి భుజం మీదుగా వెనక్కి వెళ్ళింది. అక్కడ ఆగింది.

సర్...

మంచానికి ఎదురుగా, బట్టల అలమర దగ్గర. సర్... సర్... తలుపు పక్కన. కిటికీ దగ్గర. గది నిండా.

ఆవిడ వెనక్కి తిరగలేదు. మంచం అంచున మోకాళ్ళ మీద కూలబడి, అమ్మ మొహానికి అడ్డంగా వంగింది. రెండు అరచేతులూ ఆ మొహం మీద కప్పేసింది.

చప్పుడు ఆగింది.

"కొంచెం పక్కకమ్మా," అంది మర్యాదైన ఆ గొంతు, చెవి పక్కనే. "మొహం కనబడట్లేదు."

"నేను కూర్చుంటాను," అంది ఆవిడ. "నన్ను గీసుకోండి. కుర్చీ తెస్తాను. కదలను. ఒట్టు, కదలను."

"నువ్వు లేచి వెళ్ళావుగా తల్లీ."

ఎవరో చిన్నగా దగ్గారు. వాళ్ళకి తొందర లేదు. నిలబడ్డారు.

ఆవిడ జరగలేదు. నడుం విరిగిపోతోంది. అయినా జరగలేదు. అప్పుడు అరచేతి కింద అమ్మ పెదవులు కదిలాయి. పక్షవాతం వచ్చిన దగ్గర్నించి మొదటిసారి, తడబడకుండా, పూర్వం పిలిచి అన్నం పెట్టే గొంతుతో అమ్మ మాట్లాడింది.

"జరగవే. పాపం, ఎప్పట్నించో నిలబడే ఉన్నారు."